లేజర్ వేడిమితో క్యాన్సర్ చికిత్స: ఆశ ఎంత? హద్దు ఎక్కడ?

“కోత లేకుండా, కుట్టు లేకుండా లేజరుతో క్యాన్సరు గడ్డను కాల్చివేస్తారట. నిజమేనా డాక్టరు గారూ?” ప్రభుత్వోద్యోగము నుంచి విరమించి చాలా కాలమైనా ఈ ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు. అడిగేవారిలో చదువుకున్నవారూ ఉన్నారు, చదువు లేనివారూ ఉన్నారు. చేతిలో ఒక ప్రకటన కాగితమో, ఫోనులో ఒక వీడియోనో ఉంటుంది. ఇంట్లో ఒకరికి వ్యాధి బయటపడి వారము తిరగకముందే పుట్టే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో ‘అవును’ అనో ‘కాదు’ అనో చెప్పి పంపివేయటము భావ్యము కాదు. అందుకే ఈ వ్యాసము.

లేజరు కాంతి పుట్టించే వేడితో కొన్ని కణితులను, కొన్ని అవయవాలలో, కొందరు రోగులలో నాశనము చేయవచ్చును. నాలుగు దశాబ్దాలుగా పరిశోధనల ద్వారా ఎదిగిన చికిత్స ఇది. అయితే కణితి చిన్నదై ఉండాలి, దాని హద్దులు స్పష్టముగా తెలియాలి, లోపల పుడుతున్న వేడిని కొలిచే సాధనమో, కనీసము అది వ్యాపించే తీరును చూసే సాధనమో వైద్యుని చేతిలో ఉండాలి. ఈ మూడూ కుదిరినపుడే వేడి వైద్యమవుతుంది. కుదరనపుడు అది ఖరీదైన కాలిన గాయము మాత్రమే. పాఠకులు ఈ వ్యాసము నుంచి ఒక్క విషయము గుర్తుంచుకోదలిస్తే దీనినే గుర్తుంచుకోవాలని నా మనవి.

వేడి: రోగకారణమూ అదే, ఔషధమూ అదే

మన ప్రాచీన వైద్యులకు వేడితో చికిత్స కొత్త కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానములో అగ్నికర్మకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము ఉంది. లోహశలాకలు మొదలుకొని తేనె, బెల్లము, నెయ్యి వరకు ఏ పదార్థమును వేడిచేసి శరీరములో ఏ భాగముపై వాడాలో, ఎవరికి వాడకూడదో అందులో విభజించి చెప్పారు. పాశ్చాత్య దేశాలలో 1866లో విల్‌హెల్మ్ బుష్ అనే జర్మన్ వైద్యుడు ముఖముపై సార్కోమా కణితి ఉన్న ఒక రోగికి ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధి సోకి తీవ్రజ్వరము వచ్చిన తరువాత ఆ కణితి కరగిపోవటమును గమనించి ప్రకటించాడు. అది జ్వరపు వేడి వలన జరిగినదా, శరీర రక్షణవ్యవస్థ మేల్కొనటము వలన జరిగినదా అనే చర్చ అలా ఉంచి, కణితికి వేడి పడకపోవచ్చుననే ఆలోచనకు అటువంటి అనుభవాలు బలము చేకూర్చాయి.

ఇదే వేడి క్యాన్సరుకు కారణము కూడా కాగలదు. ఉత్తరాంధ్ర తీరగ్రామాలవారికి నేను చెప్పవలసిన పని లేదు. చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు అక్కడి స్త్రీలలో తరతరాలుగా ఉంది. ఆ నిప్పు సెగ, పొగాకు విషాలు కలిసి అంగిలిని నిత్యము కాలుస్తాయి. పిండ్‌బోర్గ్ మరియు ఆయన సహచరులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ తాగేవారి అంగిలిలో కలిగే మార్పులను 1971లో ప్రచురించారు. లోకములో ఇతరత్రా అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సరు మన ప్రాంతములో ఎక్కువగా కనిపించటానికి కారణము ఈ అలవాటే. కాశ్మీరములో చలికి తట్టుకోవటానికి దుస్తుల కింద పెట్టుకొనే కాంగ్డీ కుంపటి వలన పొట్టపై, తొడలపై చర్మానికి క్యాన్సరు రావటము కూడా ఇటువంటిదే.

నిప్పు సెగ రోజూ కొద్దికొద్దిగా, ఏళ్ళ తరబడి తగిలితే కణాలు గాయపడి, మళ్ళీ మళ్ళీ విభజన చెంది, చివరకు దారి తప్పుతాయి. అదే వేడి తగిన మోతాదులో, గురి చూసిన చోట, కొన్ని నిమిషాలు మాత్రమే ప్రయోగిస్తే దారి తప్పిన కణము చనిపోతుంది. ఔషధానికి మోతాదు ఎంత ముఖ్యమో వేడికి కూడా అంతే ముఖ్యము.

లేజరు కణితిని ఎలా చంపుతుంది?

1960లో థియొడోర్ మైమన్ తొలి లేజరును వెలిగించాడు. ఒకే తరంగదైర్ఘ్యముతో ఒకే దిశలో సాగే ఈ కాంతిని సన్నని గాజు తంతువు గుండా శరీరము లోపలికి పంపవచ్చుననేది వైద్యులకు దానిలో నచ్చిన గుణము. మొదట్లో దానిని కోయటానికి, ఆవిరి చేయటానికి వాడారు. స్వరపేటిక తొలిదశ క్యాన్సర్లలో కార్బన్ డయాక్సైడ్ లేజరుతో కంఠస్వరము నిలిచేట్లు కణితిని తొలగించటము ఈనాటికీ మంచి చికిత్సలలో ఒకటి. అన్నవాహికను మూసివేసిన కణితిలో దారి తెరచి రోగి గుటక వేయగలిగేట్లు చేయటానికి కూడా లేజరు ఉపయోగపడింది.

1983లో లండనుకు చెందిన స్టీఫెన్ బౌన్ వేరొక మార్గము సూచించాడు. పైనుంచి కాల్చటము కాక, తంతువు కొనను కణితి మధ్యలోనే నిలిపి, తక్కువ శక్తితో కొన్ని నిమిషాలు వెలిగించి, కణితిని లోపలినుంచి ఉడికించటము ఆ పద్ధతి. నేడు వైద్యులు లేజర్ ఉష్ణ చికిత్స అన్నపుడు ప్రధానముగా దీనినే ఉద్దేశిస్తారు. సాధారణముగా 980 లేక 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల పరారుణ కాంతిని వాడుతారు. ఇది కంటికి కనిపించదు. కణజాలములో కొన్ని మిల్లీమీటర్లు చొచ్చుకొని పోయి అక్కడ వేడిగా మారుతుంది. ఆపైన ఆ వేడి ఒక పొర నుంచి మరొక పొరకు పాకుతుంది.

ఏ ఉష్ణోగ్రతలో ఏమి జరుగుతుందో చూద్దాము. మన శరీరపు ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. 43 డిగ్రీల వద్ద కణాలు నెమ్మదిగా దెబ్బతినటము మొదలవుతుంది. ఆ వేడి చాలాసేపు నిలిస్తే అవి చనిపోతాయి. ఆపైన ప్రతి ఒక్క డిగ్రీకి అవసరమైన సమయము సుమారు సగానికి తగ్గుతుంది. 43 డిగ్రీల వద్ద 60 నిమిషాలు పట్టే పని 44 వద్ద 30 నిమిషాలలో, 45 వద్ద 15 నిమిషాలలో, 49 వద్ద నిమిషము లోపలే జరుగుతుంది. 60 డిగ్రీలు దాటితే మాంసకృత్తులు క్షణాలలో గడ్డకడతాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికి గట్టిపడినట్లు కణము గట్టిపడి ఆగిపోతుంది. 100 డిగ్రీలు చేరితే కణజాలములోని నీరు ఆవిరై, ఆపైన అంతా మాడుతుంది. మాడిన పొర కాంతిని అక్కడికక్కడే పీల్చుకొని వేడిని ముందుకు పోనివ్వదు. పెనము మీద రొట్టె పైన మాడి లోపల పచ్చిగా మిగిలినట్లు, తంతువు దగ్గర బొగ్గు అయి కణితి అంచులు సజీవముగా మిగిలిపోతాయి. అందుకే తంతువు కొనను చల్లటి లవణద్రవముతోగాని వాయువుతోగాని చల్లబరుస్తూ వేడిని క్రమముగా బయటి అంచులకు నడిపిస్తారు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. లేజరు క్యాన్సరు కణాలను మాత్రమే ఏరి చంపుతుందని ప్రకటనలు చెబుతుంటాయి. 42, 43 డిగ్రీల స్వల్పవేడి విషయములో కొన్ని కణితులు ఆరోగ్యకణజాలము కంటె సులభముగా దెబ్బతినే మాట కొంతవరకు నిజము. రక్తప్రసరణ సరిగా లేని కణితి తనకు తగిలిన వేడిని తొలగించుకోలేదు. కాని 60 డిగ్రీల వద్ద మంచి కణము, చెడ్డ కణము అనే భేదము వేడికి తెలియదు. అక్కడ ఏమి ఉంటే అది ఉడుకుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో వైద్యుడే నిర్ణయించాలి.

మెదడులో వేడిని చూస్తూ చేసే చికిత్స

ఎక్కడ ఆపాలో తెలుసుకోవటమే ఈ చికిత్సకు చాలాకాలము అడ్డంకిగా నిలిచింది. మెదడులో ఈ సమస్య మరీ తీవ్రము. ఒక సెంటీమీటరు అటు ఇటు అయితే మాట పడిపోవచ్చును, కాలో చెయ్యో పడిపోవచ్చును. ఆ చిక్కును ఎం.ఆర్.ఐ. తీర్చింది. శరీరములోని నీటి అణువులలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రములో ఒక నిర్దిష్ట పౌనఃపున్యముతో స్పందిస్తాయి. ఉష్ణోగ్రత మారితే ఆ పౌనఃపున్యము అతి స్వల్పముగా మారుతుంది. ఆ మార్పును లెక్కకట్టి, పుర్రె లోపల ఏ బిందువు వద్ద ఎంత వేడి ఉన్నదో కొన్ని సెకన్లకొకసారి తెరపై రంగులలో చూపగలిగారు. అంతకు ముందు అంచనాగా ఉన్న వేడి కొలతగా మారింది. అమెరికాలో ఈ పరికరాలకు 2007 నుంచి అనుమతులు లభించసాగాయి.

చికిత్స జరిగే తీరు ఇది. రోగికి మత్తు ఇచ్చి, పుర్రెలో కొన్ని మిల్లీమీటర్ల రంధ్రము మాత్రమే చేస్తారు. ముందుగా గీసుకున్న మార్గములో, పెన్సిలు కంటె చాలా సన్నని గొట్టములో లేజరు తంతువును కణితి మధ్యకు చేరుస్తారు. రోగిని ఎం.ఆర్.ఐ. యంత్రములో ఉంచి లేజరు వెలిగిస్తారు. ముఖ్యమైన నాడీమార్గాల వద్ద ఉష్ణోగ్రత పరిమితి దాటబోతే లేజరు ఆగిపోయేట్లు ముందే ఏర్పాటు చేస్తారు. చాలామంది ఒకటి రెండు రోజులలో ఇంటికి వెళ్ళగలుగుతారు. పుర్రె తెరచి చేసే పెద్ద శస్త్రచికిత్సతో పోలిస్తే ఇది నిజముగా గొప్ప సౌకర్యము.

ఎవరికి ఉపయోగము? కత్తి సులభముగా చేరలేని లోతులలో ఉన్న చిన్న కణితులకు, రేడియేషన్ ఇచ్చిన తరువాత అదే చోట తిరిగి పెరిగిన కణితులకు, ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకు వ్యాపించి రేడియేషనుకు లొంగని కణితులకు, పెద్ద శస్త్రచికిత్సను తట్టుకోలేని రోగులకు ఈ చికిత్సను పరిశీలిస్తారు. రేడియేషన్ అనంతరము మెదడులో మృతకణజాలము ఏర్పడి వాపు తగ్గక స్టిరాయిడ్ల మీదే కాలము గడుపుతున్నవారికి కూడా కొన్నిసార్లు మేలు చేస్తుంది.

కుటుంబసభ్యులు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. చికిత్స తరువాత మొదటి వారాలలో తీసిన ఎం.ఆర్.ఐ.లో ఆ మచ్చ మునుపటికంటె పెద్దదిగా కనిపిస్తుంది. ఉడికిన కణజాలము, చుట్టూ చేరిన వాపు అందుకు కారణము. అది నెలల తరబడి నెమ్మదిగా కుంచించుకుపోతుంది. ఈ సంగతి తెలియనివారు చికిత్స వికటించినదని బెంబేలెత్తుతారు. అయితే అసలు ప్రమాదాలు లేవని కాదు. రక్తస్రావము, మెదడు వాపు, మూర్ఛలు, అవయవ బలహీనత కలుగవచ్చును. వాపును అదుపులో ఉంచటానికి స్టిరాయిడ్లు ఇవ్వవలసి వస్తుంది.

మరొక కఠిన సత్యము కూడా చెప్పాలి. పెద్దలలో తరచుగా వచ్చే ప్రాణాంతకమైన మెదడు క్యాన్సరు గ్లియోబ్లాస్టోమా. దాని కణాలు చెట్టు వేళ్ళవలె చుట్టూ ఉన్న మెదడులోకి పాకి ఉంటాయి. తెరపై కనిపించే గడ్డ ఆ చెట్టు మొదలు మాత్రమే. లేజరు మొదలును ఉడికించగలదు, వేళ్ళన్నింటినీ చేరలేదు. కాబట్టి రేడియేషన్, మందులు తప్పవు. ఆ వ్యాధిని లేజరు కొంతకాలము అదుపు చేయటానికి సాయపడవచ్చును, నయము చేస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కాలేయము నేర్పిన పాఠము

లేజరు ఉష్ణ చికిత్సను కాలేయములోనూ చాలాకాలము వాడారు. ఇందులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యులు విస్తారమైన అనుభవము గడించారు. అయితే అక్కడ లేజరును రేడియో తరంగాలు, మైక్రోవేవ్ తరంగాలు చాలావరకు వెనకకు నెట్టాయి. చర్మము గుండా సూదిని కణితిలోకి పంపి, ఆ సూది కొనవద్ద ఈ తరంగాలతో వేడి పుట్టిస్తారు. అల్ట్రాసౌండ్ లేక సి.టి. స్కాన్ సాయముతో సూది ఎక్కడ ఉన్నదో చూసుకొంటారు. ఇవి చవక, త్వరగా పూర్తవుతాయి, ఎం.ఆర్.ఐ. గది అవసరము లేదు. మన తెలుగు రాష్ట్రాల పెద్ద ఆసుపత్రులలో కాలేయ కణితులకు జరిగే ఉష్ణ చికిత్సలు చాలావరకు ఇవే. వేడి పుట్టించే సాధనము ఏదైనా కణము చనిపోయే తీరు మాత్రము ఒకటే. ‘లేజరు’ అనే పేరుకు ప్రత్యేక మహిమ ఏమీ లేదని పాఠకులు దీని నుంచి గ్రహించాలి.

ఫలితాల సంగతి చూద్దాము. పెద్దప్రేగు క్యాన్సరు నుంచి కాలేయానికి వ్యాపించిన చిన్న కణితులకు శస్త్రచికిత్స మేలా, ఉష్ణ చికిత్స మేలా అని నెదర్లాండ్స్ వైద్యుల నాయకత్వములో ‘కొలిజన్’ అనే పేరుతో ఒక పోలిక పరిశోధన జరిగింది. 3 సెంటీమీటర్లు, అంతకు లోపు ఉన్న కణితులనే అందులోకి తీసుకున్నారు. రోగుల ఆయుఃప్రమాణములో ఉష్ణ చికిత్స శస్త్రచికిత్సకు తీసిపోలేదు, ఉపద్రవాలు మాత్రము తక్కువగా కలిగాయి. కోతను తప్పించుకోవచ్చుననే ఆశకు ఇది బలమైన ఆధారము.

కాని ఆ ‘3 సెంటీమీటర్లు’ అనే మాటను దాటిపోకండి. కాలేయములో పుట్టే క్యాన్సర్లలోనూ ఉష్ణ చికిత్స ఉత్తమ ఫలితాలు ఇచ్చేది ఆ కొలత లోపలే. కారణము లెక్కలో ఉంది. 3 సెం.మీ. వ్యాసము గల గుండ్రని కణితి ఘనపరిమాణము సుమారు 14 ఘన సెంటీమీటర్లు. వ్యాసము రెట్టింపై 6 సెం.మీ. అయితే ఘనపరిమాణము రెట్టింపు కాదు, ఎనిమిదింతలై 113 దాటుతుంది. దానితోపాటు కణితి చుట్టూ అదనముగా మరొక అర సెంటీమీటరో, సెంటీమీటరో ఆరోగ్యకణజాలమును కూడా కాల్చాలి. అంచులో కొన్ని కణాలు మిగిలితే అవే మళ్ళీ పెరుగుతాయి. పెద్ద రక్తనాళము పక్కన కణితి ఉంటే మరొక చిక్కు. పారే కాలువను ఆనుకున్న గట్టు ఎంత ఎండకూ ఎండనట్లు, ప్రవహించే రక్తము వేడిని ఎప్పటికప్పుడు మోసుకొనిపోతుంది. రక్తనాళమును ఆనుకొన్న కణాలు బ్రతికిపోతాయి.

పరిశోధనలు ఆగలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయములో నవోమి హాలస్, జెనిఫర్ వెస్ట్ బంగారు పూత గల సూక్ష్మరేణువులను కణితులలోకి చేర్చి, వాటిపై పరారుణ లేజరు ప్రసరింపజేసే పద్ధతికి నాంది పలికారు. ఆ రేణువులు కాంతిని ఎక్కువగా పీల్చుకొని వేడెక్కుతాయి కాబట్టి, రేణువులు చేరిన చోటే అధికముగా వేడి పుట్టాలనేది ఆలోచన. ప్రోస్టేట్ క్యాన్సరులో 16 మంది పురుషులపై చేసిన తొలి ప్రయోగ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఆశాజనకమే. కాని 16 మందిపై పరీక్షించిన పద్ధతిని రేపే మన ఊరి ఆసుపత్రిలో ఆశించటము తొందరపాటు.

ప్రకటనలలో చెప్పని నష్టము

నాకు నిజముగా ఆందోళన కలిగించేది ఇక్కడే ఉంది. ‘లేజరు’ అనే మాటకు మన సమాజములో ఒక ఆకర్షణ ఏర్పడింది. మొలలకు లేజరు, పుట్టుమచ్చలకు లేజరు, పులిపిర్లకు లేజరు. ఆ మచ్చ ఏమిటి, ఆ గడ్డ ఏమిటి అని తేల్చకముందే కాల్చివేయటానికి సిద్ధపడేవారు ఉన్నారు.

నేను ఉద్యోగములో ఉన్నపుడు ఒక రైతు వచ్చాడు. యాభై దాటిన వయస్సు. ఏడాదిగా మలములో రక్తము పడుతోంది. పట్టణములో ఒకచోట మొలలని చెప్పి రెండుసార్లు లేజరు చేశారు. వేలు పెట్టి పరీక్షించినవారు లేరు. ఆ ఒక్క పరీక్షతో పురీషనాళములో గట్టి గడ్డ నా వేలికి తగిలింది. అది క్యాన్సరు. అప్పటికే కాలేయానికి పాకింది. అతడి భార్య నన్ను అడిగిన మాట ఇంకా గుర్తుంది: “రెండుసార్లు కాల్చారు కదయ్యా, ఇంకా ఎలా ఉంది?” కాల్చినది వేరు, ఉన్నది వేరు అని ఆమెకు ఎలా చెప్పాలి? ఏడాది ముందు ఆ వేలి పరీక్ష, ఒక చిన్న బయాప్సీ జరిగి ఉంటే ఆ కుటుంబము కథ వేరుగా ఉండేది.

కత్తితో తీసిన గడ్డను రోగనిర్ణయశాస్త్ర నిపుణుడు సూక్ష్మదర్శినిలో చూడగలడు. అది ఏ జాతి క్యాన్సరో, అంచులలో కణాలు మిగిలాయో లేదో చెప్పగలడు. కాల్చివేసిన గడ్డ గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు. సాక్ష్యము బూడిదైపోతుంది. అందుకే కాల్చే ముందు కణజాలము తీసి పరీక్షించటము వైద్యధర్మము. కాలేయ క్యాన్సరు వంటి కొన్ని సందర్భాలలో స్కానులోని లక్షణాలతోనే వ్యాధిని నిర్ధారించే నియమాలు ఉన్నాయి, అవి మినహాయింపులు. నల్లబడుతున్న, పెరుగుతున్న, రక్తము కారుతున్న పుట్టుమచ్చను బయాప్సీ లేకుండా సౌందర్యశాలలో లేజరుతో కాల్పించుకోవటము ప్రాణముతో చెలగాటమే.

అందరికీ అందవలసిన వేడి

కణితి ఎంత చిన్నదైతే వేడి అంత బాగా పనిచేస్తుందని చూశాము. ఈ సూత్రమును చివరివరకు అనుసరిస్తే మనము ఎక్కడికి చేరుతాము? క్యాన్సరుగా మారకముందే, మారబోతున్న పొరను వేడితో తొలగించే చోటుకు. అటువంటి చికిత్స ఇప్పటికే ఉంది. దానికి లేజరు అక్కరలేదు.

భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సరు తరువాతి స్థానము గర్భాశయ ముఖద్వార క్యాన్సరుదే. అంతర్జాతీయ అంచనాల ప్రకారము 2022లో మన దేశములో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా వచ్చింది. దాదాపు 80,000 మంది మరణించారు. ఇంతమందిని బలిగొన్న ఈ క్యాన్సరు ఒక్కరోజులో రాదు. హ్యూమన్ పాపిల్లోమా వైరసు సోకిన తరువాత ముఖద్వారపు పైపొరలో మార్పులు కలిగి, అవి క్యాన్సరుగా మారటానికి సాధారణముగా పది సంవత్సరాలో, అంతకంటె ఎక్కువో పడుతుంది. పదేళ్ళ వ్యవధి ఇచ్చే శత్రువు అరుదు.

ఆ వ్యవధిలో మార్పులను కనుగొంటే, 100 డిగ్రీలకు వేడెక్కిన చిన్న లోహపు కొనను ముఖద్వారముపై అర నిమిషము, ముప్పావు నిమిషము ఆనించి ఆ పొరను నాశనము చేయవచ్చును. 1966లో కుర్ట్ సెమ్ అనే జర్మన్ వైద్యుడు ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. విద్యుత్తుతో కాల్చే నాటి పద్ధతుల కంటె వేడి తక్కువ కాబట్టి దీనికి ‘కోల్డ్ కోయాగులేషన్’ అని పేరు పెట్టారు. నూరు డిగ్రీల చల్లదనము! పేరు తమాషాగా ఉన్నా పని గొప్పది. నేటి పరికరాలు చేతిలో ఇమిడేవి, బ్యాటరీతో పనిచేసేవి. సాధారణముగా మత్తు అవసరము లేదు, శిక్షణ పొందిన నర్సులు కూడా చేయగలరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మార్గదర్శకాలు ప్రకటించింది. మార్పు చెందిన భాగము పూర్తిగా కంటికి కనిపించాలి, లోపలి నాళములోకి పాకి ఉండకూడదు, క్యాన్సరు అనే అనుమానము ఉండకూడదు. అనుమానము ఉంటే బయాప్సీయే. ఇక్కడ కూడా నియమము అదే.

కాని చికిత్స ఉన్నా, కనుగొనేవారు ఏరీ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 30 నుంచి 49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ఎన్నడైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. ముప్పయి ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించాలని ప్రభుత్వ కార్యక్రమము ఉంది. సజల ఎసిటిక్ ఆమ్లము పూసి చూసే పరీక్షకు ఖర్చు ఏపాటిది?

మెదడు లేజరు చికిత్సకు ఎం.ఆర్.ఐ. గది గంటల తరబడి కావాలి. ఒకసారి వాడి పారవేసే తంతువులు కావాలి, నాడీశస్త్రచికిత్స నిపుణుల బృందము కావాలి. అటువంటి కేంద్రాలు మన బోధనాసుపత్రులలో ఉండవలసినదే. వాటిని వద్దనటము నా ఉద్దేశము కాదు. కాని మన పాలకులు, మన పత్రికలు ఒక లేజరు యంత్రము ప్రారంభోత్సవానికి ఇచ్చే శ్రద్ధలో పదోవంతు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని ఈ చిన్న ఉష్ణపరికరానికి, దానిని వాడే నర్సు శిక్షణకు ఇస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని నా దృఢాభిప్రాయము. ఈ పరికరము బయలుదేరే వేడికి, ఆ ఖరీదైన లేజరు పుట్టించే వేడికి జాతిభేదము లేదు. ఒకటి ముందు చేరుతుంది, మరొకటి ఆలస్యముగా చేరుతుంది. అంతే తేడా.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

మీకో, మీవారికో లేజరు లేక మరొక ఉష్ణ చికిత్స సూచించినపుడు సంకోచించక ఈ ప్రశ్నలు అడగండి. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

1. బయాప్సీ జరిగిందా? జరగకపోతే, వ్యాధిని ఏ ఆధారముతో నిర్ధారించారు?

2. కణితి ఎన్ని సెంటీమీటర్లు? ఎన్ని ఉన్నాయి? పెద్ద రక్తనాళానికో, నరానికో ఎంత దూరములో ఉంది?

3. చికిత్స జరిగేటపుడు సూది లేక తంతువు ఉన్న చోటును, వేడిని దేనితో గమనిస్తారు? ఎం.ఆర్.ఐ.యా, సి.టి.యా, అల్ట్రాసౌండా?

4. ఈ చికిత్స ఉద్దేశము నయము చేయటమా, కొంతకాలము అదుపు చేయటమా, బాధను తగ్గించటమా? మూడూ మంచి ఉద్దేశాలే. కాని రోగికి ఏది అన్నది ముందే తెలియాలి.

5. శస్త్రచికిత్స, రేడియేషన్, మందులతో పోలిస్తే నా విషయములో దీని లాభనష్టాలు ఏమిటి? ఈ చికిత్స తరువాత అవి కూడా అవసరమవుతాయా?

6. మొత్తము కణితి చనిపోయిందని ఎప్పుడు, ఏ స్కానుతో నిర్ధారిస్తారు? మిగిలితే తరువాతి అడుగు ఏమిటి?

ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలు రాకపోతే మరొక అభిప్రాయము తీసుకోండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్టణము దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వరంగ సంస్థలలో శస్త్రచికిత్స, రేడియేషన్, మందుల నిపుణులు ఉంటారు. ఏదో ఒక యంత్రమును నమ్ముకున్న చోటుకంటె, అన్ని చికిత్సలూ తెలిసినవారి సలహా రోగికి మేలు. ఆ సలహా కోసము పోయే రెండు మూడు రోజులు వృథా కావు. తెలియని గడ్డను కాల్పించుకొని ఊరకే గడిపే నెలలే తిరిగిరావు.

మానని పుండు, తగ్గని గడ్డ, అకారణ రక్తస్రావము, మింగటములో అడ్డు, మారిన గొంతు వీటిలో ఏది మూడు వారాలు దాటి ఉన్నా పరీక్ష చేయించుకోండి. ముప్పయి ఏళ్ళు దాటిన మీ ఇంటి ఆడవారిని దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ నెలలోనే తీసుకువెళ్ళండి. అడ్డపొగ, చుట్ట, గుట్కా అలవాటున్న పెద్దలు ఇంట్లో ఉంటే వెలుగులో నోరు తెరిపించి అంగిలి, బుగ్గలు, నాలుక చూడండి. తెల్లమచ్చగాని, ఎర్రమచ్చగాని కనిపిస్తే వైద్యునికి చూపించండి. వ్యాధి చిన్నదిగా ఉన్నపుడే దొరికితే కత్తికైనా, మందుకైనా, లేజరు వేడికైనా లొంగుతుంది.